పాల గొట్టపు అతుకు

వణుకు వచ్చేదైతే గంట లోపలే వస్తుంది. కంపౌండరు వెంకటరాజం ఆ మాట చెప్పి, తన జేబు గడియారాన్ని మగ్గం మేకుకు తగిలించి, గుమ్మం దగ్గర గోడకు ఒరిగి కూర్చున్నాడు. చిన్న ముల్లు ఎనిమిది మీద, పెద్ద ముల్లు పన్నెండు మీద. పెద్దది ఒక చుట్టు తిరిగి మళ్లీ పన్నెండుకు రావాలి. అప్పటిదాకా ఉప్పలమ్మ చెయ్యి కదలకుండా నేను పట్టుకోవాలి. ఎడమ చేత్తో పట్టుకున్నాను. చల్లగా ఉంది. గత్తర, కంపౌండరు మాటల్లో కలరా, పట్టిన మనిషి చెయ్యి అట్లాగే ఉంటుంది, తోలు చిటికెడు పట్టి వదిలితే వదిలినచోటే నిలబడుతుంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె ఒంట్లో నీళ్లన్నీ పోయాయి, ఇప్పుడు మేము పోస్తున్నాం. సీసా మా మగ్గం దూలానికి వేలాడుతోంది. నాలుగు నెలలుగా నూలు రాక ఊరికే పడి ఉన్న మగ్గం, ఇవాళ దానికి ఒక పని దొరికింది. సీసా కింద రబ్బరు గొట్టం, గొట్టం మధ్యలో చిన్న గాజు బుడ్డి, బుడ్డిలో బొట్టు పడటం కనిపిస్తుంది. బొట్టు. ఆగుతుంది. బొట్టు. ఈ ఆగడం ఎందుకు? నీళ్లు ధారగా పోవాలి కదా, ఎవరు ఆపి ఆపి వదులుతున్నారు? అడుగుదామంటే వెంకటరాజం కళ్లు మూసుకున్నాడు. నిద్ర కాదు. వింటున్నాడు. పళ్లు కొట్టుకునే చప్పుడు కోసం వింటున్నాడు, నాకు తెలుసు, నేనూ దానికోసమే వింటున్నాను.

పొద్దున సూది చూడగానే ఉప్పలమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. గొంతు పోయింది, గాలి మాత్రం వస్తోంది. "వద్దు నర్సక్కా. మా ఆయనను గా సూదే తిన్నది." నేను గట్టిగా అన్నాను, "ఈసారి వణుకు రాదు." "ఎట్ల రాదు?" "అతుకు మార్చినం." "ఏమతుకు?" ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. దాని బదులు ఉపన్యాసం ఇచ్చాను. నువ్వు పోతే నీ గొర్లను ఎవరు తోలుకపోతరు, దొర మనుషులు తోలుకపోతరు, నీ మొగడు గుర్వయ్య ఎవని కోసం తిరిగిండు, సంఘం కోసం గాదా, నువ్వు బతికి వాండ్ల ఎదుట నిలబడాలె, అని. ఇరవై నాలుగేళ్ల పిల్ల, నీళ్లు లేక ఎండిపోతున్న పిల్ల, చెయ్యి చాపింది. నన్ను నమ్మి చాపింది. దొర గడి ముందు నిలబడి అతన్ని పేరు పెట్టి పిలిచిన మనిషిని కదా నేను, అబద్ధం చెప్పనని ఊరంతా అనుకుంటుంది. అబద్ధం చెప్పలేదు. అతుకు మార్చిన మాట నిజమే. అడిగినదానికి చెప్పలేదు, అంతే. 

కుడి చేతిలో ఆ అతుకు ఉంది. మొన్న నీళ్లు పట్టే పని అయిపోగానే ఊడదీసి, కడిగి, ఉడకబెట్టి తుడిచాను, అప్పటి నుంచి వదలబుద్ధి కాలేదు. చిటికెన వేలు పట్టేంత గొట్టం ముక్కలు రెండు, వాటిని కలిపి పట్టే లావుపాటి చుట్టు ఒకటి. బరువు. ఇనుమే, కానీ ఇనుము రంగు కాదు, వెండిలాగా ఉంటుంది, వెండికి ఉండే నలుపు దీనికి రాదు. నా చేతి వేడికి వెచ్చబడింది. మొహం కనిపిస్తుంది, ముక్కు పెద్దగా, కళ్లు దూరంగా, నేను ఇంత వికారంగా ఉంటానా? ఉంటానేమో. పెద్ద ముల్లు ఒకటి దాటింది. అయిదు నిమిషాలు.

గుర్వయ్యకు వణుకు ఎన్నో నిమిషంలో వచ్చింది? అప్పుడు గడియారం చూడలేదు. చూడాల్సిన పని ఉందని ఎవరికి తెలుసు. ఇరవై రోజుల కింద, ఇదే మగ్గం, ఇదే నులక మంచం. ఊళ్లో గత్తర అప్పుడే దిగింది. రామన్నపేట దవాఖానకు పోయే దారిలో రజాకార్లు మకాం వేసి ఉన్నారు, మా ఊరి పేరు చెబితే చాలు బండిలోని రోగిని కూడా దించి కొడుతున్నారు, దవాఖాన ఉన్నా మాకు లేనట్టే. అందుకని నీళ్లు మేమే తయారు చేద్దామన్నాడు వెంకటరాజం. పట్నంలో దవాఖాన నౌకరీ వదిలి సంఘంలోకి వచ్చినవాడు, సూదులు, మందుప్పు డబ్బాలు, రెండు సీసాలు వెంట తెచ్చుకున్నాడు. నీళ్లు మాత్రం ఎవరూ మూట కట్టి తేలేరు కదా. "బాయి నీళ్లు నెత్తురులకు పోతే మనిషి సస్తడక్కా. ఆవిరి పట్టిన నీళ్లు గావాలె." ఇత్తడి బిందెకు మూత పెట్టి, మూత చుట్టూ పిండి మెత్తి, మూతలోంచి రాగి గొట్టం తీసి, గొట్టాన్ని చల్లనీళ్ల తొట్టిలోంచి పోనిచ్చాడు. మా ఊరి ఆడవాళ్లు చూసి నవ్వారు, "ఓ రాజన్నా, సారా కాస్తున్నవా ఏంది, మాగ్గూడ జర పొయ్యి" అని. నేను నవ్వలేదు. గొట్టం చివర మొదటి బొట్టు నిలబడి, ఊగి, పడటం చూస్తూ కూర్చున్నాను. బిందెలో పోసింది మురికి బావి నీళ్లు. ఈ చివర పడింది ఏ రుచీ లేని నీళ్లు. మురికి ఎక్కడ పోయింది? బిందెలోనే ఉందన్నాడు. నీళ్లు ఒక్కటే ఎట్లా లేచి వచ్చాయి, మురికికి లేవడం ఎందుకు రాదు? అడిగీ అడిగీ అతన్ని విసిగించాను. నాకు చదువు చెప్పింది ఎవరూ లేరు, నూలు మూటల మీద అంటించిన చీటీలు చూసి అక్షరాలు పట్టుకున్నదాన్ని, అడగడం తప్ప వేరే దారి నాకు తెలియదు.

అన్నీ అడిగాను. అడగాల్సిన ఒక్కటి అడగలేదు.

రాగి గొట్టం ఒక్క ముక్క కాదు, రెండు. తొట్టి దాటినాక వాటిని కలిపిన చోట ఇత్తడి అతుకు, లోపల మర. మర బిగించినా చెమ్మ కారుతోంది. చుక్కా చుక్కా నేల మీద పోతోంది, కట్టెలు కాలిపోతున్నాయి, సీసా నిండడం లేదు. "జర ఏదన్న సుట్టుండ్రి" అన్నాడు వెంకటరాజం, బిందె దగ్గర మంట చూస్తూ, ఇటు తిరగకుండా. మా ఇంట్లో పుట్టినవాళ్లకు తెగిందీ కారుతున్నదీ కనిపిస్తే చెయ్యి దానంతట అదే నూలు మీదికి పోతుంది. పడుగు పోగు తెగితే ఏం చేస్తాం, గంజిలో వేలు ముంచి, కొత్త పోగును పాత పోగుకు పురి పెడతాం, గంజి ఆరితే అతుకు ఎక్కడుందో నేసిన మనిషికే దొరకదు. మా అమ్మ చేసింది, నేను చేశాను, నా వేళ్లకు అది ఊపిరి తీసుకోవడంతో సమానం. నాలుగు వరుసల నూలు తీసి, గంజిలో ముంచి, మర మీద బిగించి చుట్టి, దాని మీద గొట్టం బిగించాను. గంజి ఉబ్బింది, ఆరింది, గట్టిపడింది. బొట్టు కారలేదు. "శెబాష్ అక్కా" అన్నాడు వెంకటరాజం. నాకు ఎంత గర్వమైందని. పట్నం కంపౌండరుకు చేతకానిది సాలె మనిషి చేసిందని సాయంత్రం సంఘం కూటంలో కూడా చెప్పాను. నలుగురిలో చెప్పాను. ఆ నలుగురిలో గుర్వయ్య ఉన్నాడు, చప్పట్లు కొట్టాడు.

మూడు రోజులకు అతనికే గత్తర పట్టింది. మా సంఘం చీటీలు ఊరి నుంచి ఊరికి గొంగడి మడతలో పెట్టుకొని చేర్చే మనిషి, గొర్లు తోలుకుంటూ రజాకార్ల ముందు నుంచే ఈల వేసుకుంటూ పోయేవాడు. మొదటి రోజు పట్టిన సీసా మామూలుగానే ఎక్కింది, ఆ పొద్దున పట్టిన రెండో సీసా ఎక్కుతుండగా కళ్లు తెరిచి నన్ను చూశాడు. "నర్సక్కా, నీ ఉపన్యాసం కన్న గీ నీళ్లే నయం. లోపలికి పోతానయ్." ఉప్పలమ్మ నవ్వింది. నేను కూడా. ఆ నవ్వు ఇంకా గదిలో ఉండగానే పళ్లు టకటకమన్నాయి. చలి అన్నాడు. గొంగడి కప్పాం. ఇంకొకటి కప్పాం. నాలుగు గొంగళ్లు కప్పినా మంచం ఎగిరింది, మంచం కోళ్లు నేలకు కొట్టుకున్న చప్పుడు పక్కింటిదాకా వినిపించింది. తరువాత కాలిపోయే జ్వరం. మధ్యాహ్నానికి పోయాడు. వెంకటరాజం తల పట్టుకొని ఒక్కటే మాట, "నీళ్లు ఉడకబెట్టినం, సీసా ఉడకబెట్టినం, సూది ఉడకబెట్టినం, ఇంకేమున్నదక్కా, ఇంకేమున్నది?"

ఉప్పలమ్మ కింద పరిచింది ఆ గొంగళ్లలో ఒకటే. గుర్వయ్య వాసన ఉంటుందా దానికి ఇంకా? గొర్ల వాసన ఉంది. పెద్ద ముల్లు నాలుగు మీద. బొట్టు. ఆగింది. బొట్టు. నాకు ఇప్పుడు అర్థమవుతోంది, బొట్టు తన బరువు తనకు చాలినాకనే పడుతుంది, అందాకా అంచు పట్టుకొని వేలాడుతుంది. ఎవరూ ఆపడం లేదు. దానికదే.

ఇంకేమున్నది అని వెంకటరాజం అడిగి వదిలేశాడు, నేను వదలలేదు. వదలలేకపోయాను. మరునాడు బిందె, మూత, గొట్టం అన్నీ విప్పి ఎండలో పరిచి ఒక్కొక్కటే వాసన చూశాను. జనం నాకు మతి పోయిందనుకున్నారు. రాగి గొట్టానికి రాగి వాసన. రబ్బరుకు రబ్బరు వాసన. అతుకు మీది దారం పైవరుస తెల్లగా, గట్టిగా, చక్కగా ఉంది, నా పని నాకే ముద్దొచ్చింది. విప్పాను. రెండో వరుస చెమ్మగా ఉంది. మూడో వరుస జారుతోంది. నాలుగోది, లోపలి నీళ్లకు తగులుతున్నది, నల్ల చుక్కలు పడి జిగురుగా వేలికి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎండాకాలం గంజి కుండ కడగకుండా ఒక్క పూట వదిలితే రెండోనాడు వచ్చే వాసన. మేము ఆ గంజిని పారబోస్తాం, పోగుకు పెట్టం, పోగు చెడిపోతుందని. పోగుకు పెట్టనిదాన్ని గుర్వయ్య నెత్తుట్లోకి పంపాను. దారం వేలికి పట్టుకొని వెంకటరాజం దగ్గరికి పోయి చూపించాను. అతనూ వాసన చూశాడు. "ఉడకబెడితే పురుగు సస్తదక్కా. సచ్చిన పురుగు నీళ్లలనే ఉంటది. దాని విషం ఉడికినా పోదని మా డాక్టర్ సాబు ఒకసారి చెప్పిండు. నాకు యాదికి రావాలె గదా. నేను అటు మలిగి సూడాలె గదా." ఇద్దరం ఆ దారాన్ని పొయ్యిలో వేశాం. ఇద్దరమూ ఎవరికీ చెప్పలేదు.

కదిలింది. ఉప్పలమ్మ కాలు కదిలింది. కదలడం కాదు, ఎగిరింది, మంచం కోడు టక్కుమంది. వచ్చింది. గంజి కాదు, దారం లేదు, అయినా వచ్చింది, నాకేమీ తెలియలేదు, నేను మళ్లీ, "రాజం!" అని అరిచాను, అరుపు నాదేనా, వెంకటరాజం ఒక్క గెంతులో మంచం దగ్గరున్నాడు, ఆమె దవడ పట్టుకున్నాడు, పళ్లు చూశాడు, తరువాత చెయ్యి కిందికి దించి పిక్క పట్టుకొని గట్టిగా నలిపాడు. ఉప్పలమ్మ మూలిగింది. "వణుకు గాదు. పిక్క పట్టింది. గత్తరల అట్లనే పడతది." నాకు వినిపించలేదు, మళ్లీ చెప్పాడు. "అక్కా, పిక్క. సెయ్యి ఇడువకు, సూది జారుతది." విడువలేదు. కుడి చెయ్యి ఆ ముక్కను ఎంత పిసికిందో అరచేతిలో గుండ్రం పడింది. పెద్ద ముల్లు అయిదు మీద. ఇంకా సగానికి కూడా రాలేదు.

దారం తీసేశాక అతుకు మళ్లీ కారింది. మైనం పెడితే ఆవిరికి కరిగింది. మరను చింతపండుతో తోమితే మెరిసింది, తెల్లారేసరికి ఆ మర సందుల్లో మళ్లీ పచ్చగా చిలుము. సందు ఉంటే చాలు, ఏదో ఒకటి వచ్చి కూర్చుంటోంది. నీళ్లు చేయడం మానేశాం. మానేసిన రోజుల్లో ఊళ్లో ముగ్గురు పోయారు, వణుకు లేకుండా, చప్పుడు లేకుండా, ఎండి పోయారు. దానికి ఎవరిని అడగాలి? మోత్కూరులో మా సత్తమ్మక్క ఇంట్లో పాత ఇత్తడి సామాను ఉంటుందని, మంచి అతుకు దొరుకుతుందేమోనని, పొద్దున్నే గట్ల వెంబడి నడిచి పోయాను. అక్క నన్ను చూసి లోపలికి పోయి అన్నం పెడతానంది. నేను అటక వైపు చూస్తున్నాను. అటక కింద ఊరగాయ జాడీ, జాడీ మూత మీద ఇది. మెరుస్తూ.

"అక్కా, గిదేంది?"

"ఏది? అదా. బరువు. మూత లేస్తాందని పెట్టిన. మా యాదగిరి తెచ్చిండు బొల్లారం నుంచి. అందరి కొడుకులు పట్నం పోతె చీర తెస్తరు, నా కొడుకు ఇనుము తెచ్చిండు."

"ఎన్ని దినాలాయె పెట్టి?"

"పోయిన ఏడు మామిడికాయలప్పుడు."

"మరి తుప్పెందుకు పట్టలే?"

"నన్నడుగుతవేందే! నేనేమన్న దానికి మొక్కుకున్ననా తుప్పు పట్టాలెనని?"

ఏడాదికి పైన. ఉప్పు, కారం, పులుపు ఊరిన మూత మీద. ఏ కత్తి ఒక్క నెల నిలుస్తుంది అక్కడ? నేను దాన్ని తీసి పైట చెంగుతో తుడిచాను, నూనె పోయింది, కింద ఏ మచ్చా లేదు. నాలుకతో కూడా చూశాను. అక్క నోటి మీద చెయ్యి వేసుకుంది. యాదగిరి పెరట్లోంచి వచ్చాడు. గోరా పలటన్ల, అంటే తెల్ల సిపాయిల, కోసం నడిచిన పాల కార్ఖానాలో ఆరేళ్లు గొట్టాలు కడిగినవాడు, ముప్పై ఏళ్ల మనిషి, గోరాలు పోయాక కార్ఖానా మూతబడి ఇంటికి వచ్చాడు. నవ్వుకుంటూ దాని మీది చుట్టును చేత్తో తిప్పి ఊడదీశాడు. రెండు ముక్కలైంది, మధ్యలోంచి నల్లటి రబ్బరు వలయం జారింది. మళ్లీ బిగించాడు. "చిన్నమ్మా, కండ్లు మూసుకొని లోపల ఏలు పెట్టు. అతుకు యాడున్నదో చెప్పు." పెట్టాను. చిటికెన వేలు నున్నగా పోయింది. తిప్పాను. పోగులో పలుచన ఎక్కడుందో చీకట్లో చెప్పే వేళ్లు నావి. దొరకలేదు. మరి మర ఎక్కడ?

"మర బయట ఉంటది చిన్నమ్మా. పాలకు మర తగలదు. మర సందుల ఒక్క చుక్క నిలిస్తే తెల్లారేసరికి పులుస్తది, అదొచ్చి మొత్తం పాలను ఇరగ్గొడతది. అందుకే బిగింపంత బయట, లోపల అద్దం. అయినా గూడ పొద్దుమాపు అన్ని అతుకులు ఊడదీసి కడిగి ఆవిరి పట్టాలె. కడిగినంక గోరా సాబు తెల్ల దస్తీ లోపల తిప్పి సూస్తడు. మరక కనవడ్డదో, నాయిన లేడు అవ్వ లేదు, తిట్లే."

నేను అక్కడే జాడీ పక్కన కూలబడ్డాను. అన్నం తినమని అక్క అరుస్తోంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలియని కోపం, ముందు గోరాల మీదికి పోయింది. వాళ్లు తాగే పాలకు ఇది. పాలు! కడుపులోకి పోయే పాలు. మా గుర్వయ్య నెత్తుటికి గంజి దారం. తరువాత ఆ కోపం తిరిగి నా మీదికే వచ్చింది. ఆ పాల గొట్టాలను కడిగింది మా యాదగిరే కదా, ఆరేళ్లు. అతనికి తెలుసు. మోత్కూరు నుంచి మా ఊరు రెండు కోసులు. తెలిసిన మనిషికి, తెలియాల్సిన మనిషికి మధ్య రెండు కోసుల దూరం, ఒక ఊరగాయ జాడీ. నేను మూడేళ్లుగా ఊరూరా తిరిగి భూమి గురించి, వెట్టి గురించి మాట్లాడుతున్నాను. నీకేం పని వచ్చు అని ఎవరినైనా అడిగానా? సొంత అక్క కొడుకునే అడగలేదు. ఏం చేస్తున్నవ్ రా అంటే పాల కార్ఖానా అన్నాడు, సరే అన్నాను.

ఉక్కులో ఏదో కలుపుతారట, అందుకే తుప్పు రాదట. ఏం కలుపుతారు? యాదగిరికి తెలియదు. వెంకటరాజానికీ తెలియదు. ఎవడో ఒకడికి తెలుసు. వాడికెట్లా తెలిసింది? వాడు కూడా మొదటి ముక్కను ఏ ఊరగాయ మీదనో పెట్టి మరిచిపోయాడా? యూనియన్ ఫౌజు షోలాపూర్ దగ్గర దిగిందని, నేడో రేపో వస్తుందని, నైజాం గద్దె దిగుతాడని వెంకటరాజం పొద్దున చెప్పాడు. దిగనీ. వచ్చేవాళ్లను మొదలే అడగాలి, భూమి సంగతి అడిగినాక ఇది కూడా అడగాలి, ఈ ఉక్కును దేనితో చేస్తారు, మా దవాఖానలో ఎప్పుడు పెడతారు అని. నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల నవ్వు నాకేం కొత్త కాదు. పెద్ద ముల్లు తొమ్మిది మీద.

మొన్న ఈ ముక్క రెండు చివరలకూ రబ్బరు తొడిగి రాగి గొట్టం మధ్యలో పెట్టాం. ఇత్తడి అతుకును తీసి పారేశాం. దారం పట్టుకోవద్దని నా చేతులకు నేనే చెప్పుకున్నాను. చుట్టు బిగించింది మోత్కూరు నుంచి నా వెంట వచ్చిన యాదగిరి. ఒక్క బొట్టు కారలేదు. మొదటి చెంబెడు నీళ్లు పారబోసి, తరువాతి నీళ్లు సీసాల్లో పట్టి, ఆ పూటే ఉప్పు కలిపి, ఆ పూటే ఉడకబెట్టాం. రెండు సీసాలు. ఒకటి ఇప్పుడు ఉప్పలమ్మలోకి పోతోంది. ఇంకొకటి మగ్గం గుంటలో, తడిగుడ్డ కింద ఉంది. ఒక్క సీసా చాలదు, ఒంట్లో పోయినన్ని నీళ్లు తిరిగి పోవాలి. రెండోది ఎక్కితేనే మనిషి నిలుస్తుంది అన్నాడు వెంకటరాజం.

చెయ్యి వెచ్చబడుతోంది. నాదా ఆమెదా? ఎడమ చెయ్యి తీసి చూడలేను. మణికట్టు దగ్గర నాడి, ఇందాక లేదు, ఇప్పుడు వేలికింద ఏదో తట్టి పోతోంది. గోడ మీది ఎండ ముక్క మగ్గం గుంట అంచుకు దిగింది. పది. పెద్ద ముల్లు పది మీద. ఈ ముల్లు కదలడం కనిపించదు, కదిలినాక తెలుస్తుంది. పదకొండు. పళ్ల చప్పుడు లేదు. వీధిలో ఎవరో మేకను తిడుతున్నారు. సీసాలో అడుగు కనిపిస్తోంది. పన్నెండు.

వెంకటరాజం లేచి, ఆమె నుదురు, పాదాలు తాకి, చంకలో వేళ్లు పెట్టి చూశాడు. సూది తీసి గుడ్డ అదిమాడు. "లేదక్కా. రాలే." సూదిని ఉడకబెట్టే గిన్నెలో వేశాడు. "జర సేపాగి రెండోది పెడదాం" అని బయటికి పోయాడు. బయట అతను ముక్కు చీదడం వినిపించింది.

ఉప్పలమ్మ కళ్లు తెరిచింది. "నర్సక్కా. ఆకలైతాంది. జర గంజి పొయ్యి."

గంజి. ఈ ఇంట్లో ఇంకేముంటుంది. ఉప్పు వేసి, గిన్నెలో పోసి, తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించాను. ఒక గుక్క. రెండో గుక్క. మూడో గుక్క నోట్లో ఉండగా చెప్పాను. ఉపన్యాసం లేదు.

"ఉప్పలా. పొద్దున అడిగినవ్ గద, ఏమతుకు అని. నీళ్ల గొట్టం అతుక్కు నేను దారం సుట్టిన. గంజిల ముంచి సుట్టిన. అది లోపల పులిసింది. గుర్వయ్యకు వణుకు దానితోనే వచ్చింది. సూదితోని గాదు. నా దారంతోని."

మింగలేదు. గంజి పెదవి కొస నుంచి చెంప మీదికి, అక్కడి నుంచి నా చేతి మీదికి కారింది. ఆమె కళ్లు దూలం వైపు, ఖాళీ సీసా వైపు ఉన్నాయి.

"గిది సూది గుచ్చకముందు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు చెయ్యి ఇయ్యకపోదువు."

"ఇయ్యకపోదును. అది నా ఇష్టం గద."

"అవు."

 ఆమె చెయ్యి చాపింది. "గా కొత్త అతుకు ఏది?" అరచేతిలో పెట్టాను. బరువుకు చెయ్యి గొంగడి మీదికి వాలింది. మెల్లగా చిటికెన వేలు లోపలికి పోనిచ్చి తిప్పింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. వెతుకుతోంది.

"అతుకు యాడున్నది?"

"లోపల దొరకదు. మర బయట ఉన్నది."

"గిది ముందే ఎందుకు తేలే?"

"తెల్వక."

ఆ మాట విన్నది. వేలు తీయలేదు. నేను తల కింది చెయ్యి తీయాలో ఉంచాలో తెలియక ఉంచాను. చివరికి అన్నది, "గిన్నె ఆడ పెట్టు. నేనే తాగుత." పెట్టాను. "రాజన్నను పిలువు. రెండో సీస పెట్టుమను." లేచాను. గుమ్మం దగ్గరికి పోయాక వెనక నుంచి, "నర్సక్కా. ఈ పారి నువ్వు సెయ్యి పట్టొద్దు. నువ్వు బయట కూసో."

వెంకటరాజాన్ని లోపలికి పంపి అరుగు మీద కూర్చున్నాను. లోపల గడియారం కనిపించదు. మళ్లీ ఒక గంట. గిన్నె నేల మీద ఒరుసుకున్న చప్పుడు వచ్చింది, తరువాత ఒక గుక్క, ఆగి ఇంకొక గుక్క. ఆ ముక్క ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది. నా చేతికి గంజి అంటి ఉంది. ఎండకు అది ఆరి, వేళ్ల మధ్య బిగుస్తోంది.